పదమూడో రూలు చదివావా తల్లీ?

పోడు మీద రాస్తే సైటేషన్లు రావని ఎవరో అన్నారట. పీహెచ్‌డీ అంశం మార్చుకోవాలా అని ఊగిసలాడుతున్నావట. తొందరపడకు తల్లీ.

ఉద్యోగానికి వెళితే ఆ అంకెలే అడుగుతారు, కాదనను. కానీ వాటిని ఎలా లెక్కేస్తారో చూడు. పత్రికకు ఇచ్చే ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌కు, గత రెండేళ్లలో అందులో వచ్చిన వ్యాసాలను ఈ ఏడు ఎన్నిసార్లు ఉటంకించారన్నదే ఆధారం. మన ఏజెన్సీలో భూమి సంగతి రెండేళ్లలో తేలుతుందా? భూ బదలాయింపు నిబంధనలు 1959లో వచ్చాయి. 1970లో బిగించారు, మనం వన్ ఆఫ్ సెవెంటీ అనేది దాన్నే. అది చెల్లుతుందని సుప్రీంకోర్టు తేల్చేసరికి 1988. ప్రభుత్వమైనా సరే ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని సమత తీర్పు వచ్చేసరికి 1997. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ కొండరెడ్ల మీద రాసిన పుస్తకం 1945 నాటిది, ఇప్పటికీ తిరగేస్తున్నారు.

అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన రూల్స్‌లో పదమూడోది తీసి చదువు. హక్కు రుజువుకు ఏమేం పనికొస్తాయో అందులో ఉంది. ఓటరు కార్డు, రేషన్ కార్డు, సంస్థానాల కాలపు పటాలు, పాత బావి, శ్మశానం, ఊరి పెద్దల వాంగ్మూలం. వాటి సరసనే, పేరున్న సంస్థలు చేసిన పరిశోధనలు! 2005 డిసెంబరు 13కు ముందు నుంచే ఈ నేల తమదని చెప్పుకోవాల్సిన కోయ రైతు చేతికి నీలాంటి వాళ్ల రాత ఒక కాగితమై అందవచ్చు. ఏ సైటేషన్ లెక్కలోకీ ఎక్కని ఉటంకింపు అది. నా దృష్టిలో దానికి మించింది లేదు.

అందుకని ఊరు, వాగు, హద్దు, తేదీ ఏదీ వదలకుండా రాయి. మనుషుల పేర్లు మాత్రం వాళ్లు సరేనంటేనే. పోడు కొట్టారని కేసులు పడే చోట అచ్చయిన పేరు మనిషికి ముప్పు తేగలదు. వ్యాసం ఇంగ్లిష్‌లో వేసుకో, తప్పు లేదు. తెలుగులో నాలుగు పేజీలు విడిగా రాసి గ్రామసభలో చదువు. వాళ్లు కాదన్నచోట దిద్దు. ఒక కాపీ భద్రాచలం ఐటీడీఏలో ఇచ్చి రసీదు తీసుకో.

తునికాకు రోజుల్లో పొద్దున్నే వెళ్లకు, గూడెం ఖాళీగా ఉంటుంది. సాయంత్రం ఆకు కట్టలు అప్పగించే కల్లం దగ్గరికి వెళ్లు, అందరూ అక్కడే దొరుకుతారు. వానలు పడ్డాయంటే వాగులు దాటనివ్వవు, ఈలోపే బయల్దేరు.