వేరు వాకిలి న్యాయమేనా?

ఆడపిల్లలకు మాత్రమే అంటూ వేసవిలో సైన్సు శిబిరాలు నడపడం న్యాయమేనా అన్న ప్రశ్న మన కుటుంబాల మధ్య తరచు వస్తూనే ఉంటుంది. “మా అబ్బాయి చేసిన పాపమేమిటి?” అని ఒకరంటారు. “మా అమ్మాయి ఎవరికి తీసిపోయిందని ఈ ప్రత్యేక ఏర్పాటు?” అని మరొకరంటారు. రెండూ కొట్టిపారేయదగ్గ ప్రశ్నలు కావు. వేరు పంక్తులు, వేరు బావులు ఎరిగిన దేశం నుంచి వచ్చినవాళ్ళం. వేరు చేయడమంటే మనకు జంకు ఉండవలసిందే.

అయితే బయటికి నెట్టడానికి వేరు చేయడం ఒకటి, లోపలికి తీసుకురావడానికి వేరు చేయడం మరొకటి. వైద్యవృత్తిలో ఉన్న మాకు దగ్గరి ఉదాహరణ ఒకటుంది. స్త్రీలకు వైద్య కళాశాలల్లో ప్రవేశం దాదాపు లేని రోజుల్లో, 1850లో, ఫిలడెల్ఫియాలో వారికోసమే ఒక కళాశాల వెలిసింది. ఆనందీబాయి జోషి 1886లో పట్టా పుచ్చుకున్నది అక్కడే. 1970 నాటికి ఆ కళాశాల పురుషులనూ చేర్చుకుని, పేరులోని ‘స్త్రీల’ అన్న మాటను తీసేసుకుంది. పెద్ద వాకిలి తెరుచుకున్నాక పక్క వాకిలితో పని తీరింది.

మన తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలితగారు పద్దెనిమిదేళ్ళకే భర్తను పోగొట్టుకుని చంటిబిడ్డతో మిగిలారు. తరువాత మద్రాసులో గిండీ ఇంజనీరింగు కళాశాలలో చేరి, 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పట్టభద్రులయ్యారు. మొదట అంతమంది మగపిల్లల మధ్య ఆమె ఒక్కరే. మరి ఇద్దరు అమ్మాయిలు వచ్చి చేరాకగాని ఆ ఒంటరితనం తీరలేదు. ఆమెకు లోటైనది ప్రతిభ కాదు, తోడు.

“మన పిల్లలకు మార్కులు బాగానే వస్తున్నాయిగా” అనవచ్చు. చిక్కు మార్కుల్లో లేదు, చేతుల్లో ఉంది. నలుగురు పిల్లలు కలిసి ఒక యంత్రం విప్పేటప్పుడు స్క్రూడ్రైవరు అబ్బాయి అందుకుంటాడు. దస్తూరి బాగుంటుందని కాగితం, కలం అమ్మాయికిస్తారు. అందరూ అమ్మాయిలే అయినచోట రాసేదీ వాళ్ళే, విప్పేదీ వాళ్ళే, పాడైతే మళ్ళీ బిగించేదీ వాళ్ళే. మాసచూసెట్స్‌లోని ఉస్టర్ పాలిటెక్నిక్‌లో 1997లో, ఏడో తరగతిలో చేరబోయే అమ్మాయిలకోసం మొదలుపెట్టిన శిబిరంలో పిల్లలు జట్లు కట్టి, ఊళ్ళోని సేవాసంస్థలకున్న నిజమైన ఇబ్బందులకు పరిష్కారాలు ఆలోచించారు. పాఠం అప్పజెప్పడానికీ దీనికీ ఎంతో తేడా ఉంది.

ఇక అబ్బాయి మాట. అతనికి వేరే శిబిరాలు అందుబాటులో ఉన్నంతవరకు ఇందులో అన్యాయం లేదు. ఊరికంతటికీ ఉన్నది ఒక్కటే అయితే, దాన్ని ఒకరికే పరిమితం చేయడాన్ని మేము సమర్థించం.

ఇటువంటి శిబిరానికి మా కొలబద్ద ఒక్కటే. బడి తెరిచాక, మగపిల్లలతో కలిసి బల్ల చుట్టూ నిలబడినప్పుడు, ఆ అమ్మాయి పనిముట్టు అడిగి తీసుకోగలుగుతుందా? తీసుకోగలిగితే వేరు వాకిలి తన పని తాను చేసినట్టే. ఇంట్లో మాత్రం “చెయ్యి కాలుతుందమ్మా, అన్నయ్యకివ్వు” అన్నామా, శిబిరానికి పెట్టిన ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే. వాకిలి తెరవడం శిబిరం పని. దాన్ని మళ్ళీ మూయకుండా చూడడం మన పని.