అడుగున నిలిచినవాడు

శ్రీకాకుళము చెంత ప్రవహించు నాగావళికి లాంగల్య అని మరియొక పేరు కలదు. లాంగలమనగా నాగలి. తీర్థయాత్రకు వచ్చిన బలరామస్వామి, కరవుచే తపించు ప్రజల మొర ఆలకించి తన హలముతో నేలను చీల్చగా ఈ నది పుట్టినదని స్థలపురాణము. దప్పి తీర్చ వచ్చిన ఆ నీరే వానకాలమున దాటరానిదగును. విజయనగరము వైపునుండి శ్రీకూర్మమునకు పోవు యాత్రికులు దానిని దాటవలసినదే గదా!

ఆంగ్లేయుల కాలమున మదరాసు కలకత్తాల నడుమ సాగు రాజబాట ఇచ్చట కమానుల వంతెనపై నదిని దాటెడిది. 1866లో కరవు ఆ సీమను కాల్చినది. పదేండ్లకు, 1876లో, వరద వచ్చి ఆ వంతెన కమానులను ఆరింటిని ఊడ్చుకొనిపోయినది.

కమాను ఒంటరిగా నిలువదు. తన బరువును ఇరుప్రక్కల స్తంభములపై మోపి, పొరుగు కమాను ఒత్తిడికి ఎదురొత్తి నిలుచును. వరద స్తంభముల క్రింది ఇసుకను కోసినచో, పైరాయి ఎంత గట్టిదైనను ఫలమేమి? ఒకటి కూలగా దానినానుకొన్నదియు కూలును. ధనమును, బలగమును, తుదకు తాను చేసిన పుణ్యమును నమ్ముకొన్నవాని బ్రతుకును ఇట్టిదే.

క్షీరసాగర మథనమున జరిగినదేమి? వాసుకి తల ఎవరు పట్టవలెను, తోక ఎవరు పట్టవలెనను పంతములే గాని, మందరము క్రింద ఆధారమేమున్నదని అడిగినవాడు ఒక్కడును లేడు. కొండ మునిగినది. అందరి ముఖములు వాడినవి. అప్పుడు శ్రీహరి కూర్మరూపుడై అడుగునకు చేరి, ఆ గిరిని వీపున ధరించెను. కొండ తిరుగుడు ఆయనకు వీపు గోకినంత సుఖముగా తోచినదట! చిలికినవారు పైనున్నారు, మోసినవాడు నీటి అడుగున, ఎవరికిని కానరాక యున్నాడు.

ముండకోపనిషత్తు పరమాత్మను అమృతత్వమునకు సేతువనుచున్నది. లోకములోని వంతెనను దాటినవాడు దానిని వెనుక విడిచి పోవును. ఈ సేతువు అట్టిది కాదు. ఉపాయమును ఆయనయే, ఉపేయమును ఆయనయే యని శ్రీవైష్ణవాచార్యుల నిర్ణయము. దాటించువాడే ఆవలి గట్టు. ప్రపన్నుడు చేయవలసినది తన బరువును తాను మోయుచున్నాననుకొనుట మానుటయే. అదియే మిక్కిలి కష్టము.

శ్రీకూర్మమున స్వామి పడమటి దిక్కుగా వేంచేసియున్నాడు. ఆలయమునకు ధ్వజస్తంభములు రెండు. పడమటినుండి నాగావళిని దాటి, తడిసిన మూటలతో వచ్చు యాత్రికునికి, స్వామి తన రాకకై అటే చూచుచున్నాడని తోచును.