కౌంటరుకు ఇరుప్రక్కల



సొమ్ము చెల్లించి కాఫీ కొనువానికి అమ్మువారు కాఫీ మాత్రమే బాకీపడి యుందురా, లేక ఆదరణ కూడ బాకీపడి యుందురా? ఆదరణయు బాకీయే యైనచో దాని వెల యెంత? ఇది చిన్న ప్రశ్నగా కనబడును. అయినను మనుష్యులు ఒకరినొకరు ఏమని యెంచుచున్నారో పెద్ద సంగతులలో కంటె ఇట్టి చిన్న సంగతులలోనే త్వరగా బయలుపడును. గనుక దీనిని కొంచెము నిదానముగా ఆలోచింతము.

అమెరికా దేశపు పెద్ద రైలు స్టేషన్లలో ఉదయవేళ కాఫీయు డోనట్లును అమ్ము దుకాణముల యెదుట జనులు బారులు తీరి నిలుచుట సామాన్యమైన దృశ్యము. డోనట్టు మన గారెవలె నడుమ చిల్లి గలిగి, నూనెలో వేగిన తీపి వంటకము. ఈ వ్యాపారము తీరిక లేనివారి కొరకే పెరిగినదని చెప్పవచ్చును. విలియమ్ రోసెన్‌బర్గ్ అను వ్యాపారి రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట బోస్టన్ పరిసరములలోని కర్మాగారముల యొద్దకు బండ్లమీద ఆహారము కొనిపోయి పనివారికి అమ్మించెడివాడు. తన అమ్మకములో పెద్ద భాగము కాఫీ, డోనట్లదేయని కనిపెట్టి, 1948లో క్విన్సీ పట్టణమున ఒక దుకాణము తెరచెను. దానికే 1950లో డంకిన్ డోనట్స్ అను పేరు పెట్టెను.

అయితే స్టేషనులోని దుకాణమునకును ఊరిలోని దుకాణమునకును ఒక భేదము గలదు. ఊరి దుకాణములో మర్యాదకు లాభమున్నది. నేడు మంచి మాట విన్నవాడు రేపు మరల వచ్చును. స్టేషనులో అనుదినము వచ్చువారు కొందరున్నను, అనేకులు కాఫీ చేతపట్టుకొని రైలెక్కి పోవుదురు. వారి ముఖము మరల కనబడదు. లాభమను ఆశ తొలగిపోయిన చోట మర్యాదకు ఏమి ఆధారము మిగులును? స్టేషను మనలను అడుగు ప్రశ్న ఇదియే.

దీనికి ఒక స్టేషనులోనే జవాబు దొరకినది. నెబ్రాస్కా రాష్ట్రములో నార్త్ ప్లాట్ అను చిన్న పట్టణము గలదు. 1941 డిసెంబరులో, అమెరికా యుద్ధములో ప్రవేశించిన దినములలో, తమ రాష్ట్రపు సైనికదళము రైలులో తమ ఊరి మీదుగా పోవుచున్నదని అక్కడి ప్రజలు వినిరి. తమ బిడ్డలను చూచుటకై కానుకలతోను తినుబండారములతోను వందలాదిగా స్టేషనునకు వచ్చి కనిపెట్టుకొని యుండిరి. రైలు వచ్చెను. అందులోనున్నవారు నెబ్రాస్కావారు కారు, కాన్సస్ రాష్ట్రపువారు! ఆ క్షణమున ఆ తల్లులు ఏమి చేయవలెను? కానుకలు ఇంటికి కొనిపోవచ్చును గదా. వారు అట్లు చేయలేదు. పరాయి తల్లుల బిడ్డలకే వాటిని పంచిపెట్టిరి. అదే నెల 25వ తేదీన ఆ స్టేషనులో క్యాంటీను మొదలైనది. 1946 ఏప్రిల్ 1వ తేదీవరకు అది సాగినది. రైలు అక్కడ ఆగునది పది పదిహేను నిమిషములే. ఆ కొద్ది నిమిషములలో కాఫీ, శాండ్‌విచ్చులు, కేకులు, డోనట్లు ఉచితముగా అందింపబడెను. చుట్టుపట్ల వందకు పైగా ఊళ్లవారు వంతులవారీగా వచ్చి సేవచేసిరి. పంచదారకు రేషను ఉన్న కాలమది. అరువది లక్షలమంది సైనికులు ఆ ఆతిథ్యమును పొందిరి. తొందర మర్యాదకు అడ్డమని చెప్పువారు ఆ పది నిమిషములను జ్ఞాపకము చేసికొందురుగాక.

ఆదికాండము 24వ అధ్యాయములోని రిబ్కా కథయు ఇట్టిదే. బావియొద్ద ఒక బాటసారి ఆమెను కొంచెము నీళ్లు అడిగెను. అతడెవరో ఆమె యెరుగదు. అతనికి నీళ్లిచ్చుటయే గాక పది ఒంటెలకును చేదిపోసెను. అతడు ఆమెకు బంగారు ఆభరణములిచ్చినది ఒంటెలు త్రాగిన తరువాతనే గాని ముందు కాదు. ఆమె కూలికొరకు చేదలేదు.

ఇక్కడ ఒకరు న్యాయముగానే అభ్యంతరము చెప్పవచ్చును. "ఆ స్త్రీలు తమ యిష్టముచొప్పున వంతులవారీగా వచ్చినవారు. కౌంటరు వెనుక నిలుచు అమ్మాయి అట్లు కాదు. తెల్లవారకముందే వచ్చి, గంటలకొలది నిలువుకాళ్లమీద పనిచేసి, ఆ జీతముతో ఇల్లు గడుపుకొనవలెను. ఆమెనుండి కూడ అదే చిరునవ్వును కోరుట న్యాయమా?" ఈ మాటలో సత్యమున్నది. ఆర్లీ హోక్‌షీల్డ్ అను సమాజశాస్త్రవేత్త 1983లో ప్రచురించిన గ్రంథములో విమానములలో పనిచేయు స్త్రీలను గూర్చి వ్రాయుచు, యజమాని ఆజ్ఞచొప్పున ముఖమును, మనోభావములను దిద్దుకొనుట కూడ ఒక శ్రమయేయని చూపెను. చేతులు చేయు పనివలెనే అదియు మనిషిని అలయజేయును. రద్దీవేళ ఒక్కరినే కౌంటరులో నిలిపి, వరుస తరుగవలెను, నవ్వు తరుగకూడదు అని ఆజ్ఞాపించు యజమాని, గడ్డి ఇయ్యకయే ఇటుకల లెక్క తగ్గరాదని చెప్పిన ఫరోవంటివాడు.

అట్లయిన సొమ్ము చేరగానే ఆదరణ చెడిపోవునా? ఈ విషయమున కూడ ఒక డోనట్టు కథయే యున్నది. 1942లో బ్రిటనులోని అమెరికా సైనికుల క్లబ్బులలో ఆహారమునకు వెల తీసికొనవలెనని అమెరికా యుద్ధమంత్రి రెడ్‌క్రాసును కోరెను. అక్కడ బ్రిటిషు సైనికులు తమ క్లబ్బులలో వెల చెల్లించుచున్నందున ఇట్లు కోరబడెను. రెడ్‌క్రాసు మొదట ఒప్పుకొనక, తరువాత లోబడెను. వెల స్వల్పమే. అయినను డోనట్లకు సొమ్ము పుచ్చుకొనిరని మాజీ సైనికులు దశాబ్దములు గడచినను మరువలేదు. అదే సైనికుడు దుకాణములో డోనట్టు కొన్నచో బాధపడియుండడు. అతనిని గాయపరచినది వెల కాదు. ఇంటివారివలె ఆదరించినవారు తనను కొనుగోలుదారునిగా మార్చిరను తలంపే అతనిని గాయపరచినది.

గనుక వెల తీసికొనుటలో దోషము లేదు. పనివాడు జీతమునకు పాత్రుడు. దోషమెక్కడున్నదనగా, ఎదుటనున్నవాడు వెల తప్ప మరేమియు కాడని యెంచుటలో నున్నది. ఈ దోషము కౌంటరుకు ఒక ప్రక్కననే యుండదు. అమ్మువారు బాకీపడినది శుభ్రమైన కప్పు, సరియైన చిల్లర, వరుస తప్పని న్యాయము, మన్ననగల మాట. హృదయపూర్వకమైన నవ్వు బాకీ కాదు, అది దానము. దానమును వచ్చినప్పుడు కృతజ్ఞతతో అందుకొనవలెనే గాని, రానప్పుడు దండన వేయరాదు. నేడు అనేక దుకాణములలో సొమ్ము చెల్లించునప్పుడు టిప్పు ఎంత యిత్తురని తెర మీద ప్రశ్న కనబడును. ఇచ్చుట మంచిదే. అయితే టిప్పు ఇచ్చినవాడు కూడ ఒక మనిషిని కొనలేదు.

కొనువాడు కూడ బాకీపడి యున్నాడు. సెల్‌ఫోను చెవినుండి తీయకయే, వ్రేలితో కప్పును చూపి, కార్డు తగిలించి పోవువాడు కాఫీ వెల పూర్తిగా చెల్లించినవాడే. అయినను ఆ అమ్మాయికి ఏదో ఒకటి ఎగవేసి పోయినాడు. పొరపాటున పంచదార ఎక్కువైనదని పదిమందిలో ఆమెను గద్దించువాడు కప్పు వెలకు మించినదానిని ఆమెయొద్దనుండి తీసికొనుచున్నాడు.

నార్త్ ప్లాట్ తల్లులు తమ బిడ్డలకై కనిపెట్టగా ఇతరుల బిడ్డలు వచ్చిరి. ఆలోచింపగా, ప్రతి కౌంటరునొద్దను జరుగునది ఇదియే. ఇటు నిలిచినదియు, అటు నిలిచినదియు మన బిడ్డ కాదు, మరియొక తల్లి బిడ్డ. మనము చెల్లించు సొమ్ము కప్పులోనిదానికి సరిపోవును. మిగిలిన బాకీ తీర్చుటకు ఒక్క చూపును ఒక్క మంచి మాటయు చాలును. దానికి రైలు తప్పిపోదు.