ధర హెచ్చినచో విలువ హెచ్చునా?

వర్తకము పుట్టిన నాటినుండియు మనుష్యుని యెదుట నిలిచియున్న ప్రశ్న యొకటి కలదు. ఎక్కువ ధర పలికిన సరకే ఎక్కువ మేలైనదా? వజ్రము లేకున్నను బ్రతుకు సాగును. ఉప్పు లేనిదే సాగదు. అయినను ఉప్పును బస్తాలతో తూచుదురు, వజ్రమును క్యారట్లతో తూచుదురు. కొట్టులో కూర్చున్న పెద్దలకు ఈ భేదము అనుభవము వలన తెలిసినదే. నేడు అదే ప్రశ్న ఇంటర్నెట్టు ప్రకటనల వ్యాపారములో క్రొత్త వేషము వేసికొని వచ్చినది. దుకాణముతోపాటు వెబ్‌సైట్లను కూడ నడుపు యువకులున్న ఈ దినములలో, దీనిని గూర్చి కొంత విచారించుట మంచిది.

2003లో గూగుల్ సంస్థ యాడ్‌సెన్సు అను ఏర్పాటును ప్రారంభించినది. దాని వలన చిన్న వెబ్‌సైటు యజమాని ప్రకటనదారుల గడప త్రొక్కనక్కరలేదు. తన పుటలో కొంత చోటు విడిచిన చాలును. పాఠకుడు పుట తెరచిన క్షణముననే యంత్రము ఆ చోటును వేలము వేయును. పాట నెగ్గినవాని ప్రకటన అచ్చట కనబడును. 2018 నుండి తెలుగు పుటలకును ఈ సదుపాయము కలిగినది.

అయితే ఈ పాట అన్ని విషయములకు ఒకే తీరున లేవదు. బీమా, అప్పులు, న్యాయవాదుల సేవలు మొదలగు విషయముల పుటలకు ధర యెక్కువ. వంటలు, పిల్లల కథలు, పద్యములు వ్రాయు పుటలకు ధర తక్కువ. కారణము కష్టమైనది కాదు. ఒక్క ఖాతాదారు దొరికినచో బీమా కంపెనీకి ఏండ్ల తరబడి ప్రీమియము వచ్చును. కనుక వానిని రప్పించుటకు అది ధారాళముగా వెచ్చింపగలదు. కథల పుస్తకము అమ్మువానికి అంత లాభము లేదు. అనగా ఈ ధర ప్రకటనదారునికి రాబోవు లాభమునకు కొలత. పాఠకునకు కలిగిన మేలునకు కొలత కాదు.

అమెరికాలో ‘మెసోథీలియోమా’ అను మాట దీనికి తార్కాణము. ఆస్‌బెస్టాసు ధూళి పీల్చినవారికి అనేక సంవత్సరముల తరువాత వచ్చు కాన్సరు పేరది. నష్టపరిహారపు దావాలలో న్యాయవాదులకు పెద్ద మొత్తము ముట్టును గనుక, ఆ మాటకు చెందిన ప్రకటనపై ఒక్క క్లిక్కునకు వంద డాలర్లకు మించి పాడిన సందర్భములు కలవు. ఆ పుట తెరచువా డెవడు? రోగియో, రోగి బిడ్డయో. ధర లేచుటకు మూలము వాని ఆపద. ఆ పుటలో వానికి నిజమైన వైద్య విషయములు, న్యాయమైన హక్కులు తెలిసినచో అది ధర్మమైన వర్తకము. ఊరక మాటలు నింపి చుట్టును ప్రకటనలు అతికించినచో, అది ఆపన్నుని దారిలో పన్నిన వల.

‘లాభమున్న చోటికి పోవుట వర్తకునకు తప్పా?’ అని అడుగవచ్చును. తప్పు కాదు. ఒక యజమానికి రెండు వెబ్‌సైట్లు కలవనుకొందము. అప్పుల విషయము వ్రాయు దానిని నెలకు 20,000 సార్లు చూతురు. వేయింటికి 400 రూపాయల చొప్పున 8,000 రూపాయలు వచ్చును. పిల్లల కథల దానిని 1,00,000 సార్లు చూతురు; వేయింటికి 30 రూపాయల చొప్పున 3,000 వచ్చును. చిట్టా మాత్రము చూచినవాడు రెండవదానిని మూసివేయుమనును. చిట్టాలో కనబడని దేమనగా, అచ్చటికి ఐదు రెట్ల రాకపోకలు జరుగుచున్నవి.

ఇచ్చట గమనింపవలసిన భేద మొకటి కలదు. దుకాణములో కొనువాడే డబ్బిచ్చును. సరకు చేతితో చూచుకొని, నచ్చినచో తీసికొనును. ఈ వ్యాపారములో డబ్బిచ్చువాడు ప్రకటనదారుడు. అమ్ముడగునది పాఠకుని చూపు, వాని నమ్మకము. బేరమాడునప్పుడు పాఠకుడు అచ్చట లేడు. బేరములో లేనివాని సొత్తును కాపాడు భారము బేరమాడినవానిదే.

ఈ భారమును మరచినచో ఏమగునో లోకము చూచినది. 2006లో అమెరికాలో స్థాపింపబడిన డిమాండ్ మీడియా అను కంపెనీ, ఏ విషయమునకు ప్రకటనల రాబడి యెంత వచ్చునో యంత్రముచే లెక్కకట్టించి, ఆ విషయములపై తక్కువ కూలికి వేలకొలది వ్యాసములు వ్రాయించెను. 2011 జనవరిలో దాని వాటాలు బజారునకు వచ్చిన దినముననే దాని విలువ న్యూయార్కు టైమ్సు కంపెనీ విలువను మించెను. మరుసటి నెలలోనే గూగుల్ పస లేని పుటలను వెనుకకు నెట్టు మార్పు తెచ్చినది. తరువాత ఆ కంపెనీకి పాఠకులును, రాబడియు తగ్గిపోయినవి. పాఠకుని కొరకు వ్రాయనివానిని పాఠకుడు వెదకుకొని రాడు.

కాబట్టి రెండు విధములైన వెబ్‌సైట్లు గలవాడు కొన్ని కట్టుబాట్లు చేసికొనవలెను. దేని ఆవర్జా దానికి వేరుగా నుంచవలెను. ఎక్కువ రాబడి గలదానిని ‘ప్రకటనలన్నియు తీసివేసినను ఈ పుట పాఠకునకు ఉపయోగపడునా?’ అని పరీక్షింపవలెను. సంవత్సరాంతపు అమ్మకాలకు పాట లేచి, జనవరిలో దిగుట వాడుక గనుక, హెచ్చిన నెలను చూచి ఖర్చు పెంచరాదు. పొరపాటున వ్రేలు తగులునట్లు బొత్తాముల ప్రక్కన ప్రకటనలు పెట్టరాదు. అట్టి క్లిక్కు సొమ్ము తూకములో కొట్టిన సొమ్ముతో సమానము. జూదపు ప్రకటన పిల్లల పుటలో కనబడినచో ‘యంత్రము వేసినది’ అనుట చెల్లదు. వలదన్న తరగతులను ఆపు వీలు యజమాని చేతిలోనే యున్నది.

తక్కువ రాబడి గలదానిని ఎంతకాలము మోయవలెను? ఉమ్మడి కుటుంబములో అన్నదమ్ములందరు సమానముగా సంపాదింపరు. అయినను పంక్తిలో అందరికిని విస్తరి వేయుదురు. శక్తి యున్నంతవరకు ఒకదాని మిగులుతో రెండవదానిని నిలుపుట న్యాయము. శక్తి లేనప్పుడు పాఠకులకు చెప్పి గౌరవముగా మూయుటయు న్యాయమే. మంచిపేరు గల అంగడిలో చెడ్డ సరకు నింపి తలుపులు తెరచియుంచుటయే అన్యాయము.

ధరను నిర్ణయించునది వేలము. ఆ ధర తీసికొని పాఠకునకు ఏమి యిచ్చెదమో నిర్ణయించునది వర్తకుని మనస్సు. మొదటిది అతని చేతిలో లేదు. రెండవది పూర్తిగా అతనిదే. లాభనష్టముల లెక్క నెలకొకసారి తేలును. ఈ రెండవ లెక్కను మాత్రము అతడు ప్రతి దినమును తనకు తానే చూచుకొనవలెను.