అమ్మమ్మ గొంతు

రాతకెక్కకుండా నోటి నుంచి చెవికి చేరుతూ తరతరాలు నిలిచే కథల సంపదను మౌఖిక సాహిత్యం అంటారు. దానికి తొలి బడి అమ్మమ్మ ఒడి. కొలంబియాలోని అరకటాకాలో 1927లో పుట్టిన గాబ్రియేల్ గార్సియా మార్కెజ్, ఎనిమిదేళ్లు వచ్చేదాకా అమ్మమ్మ త్రాంకిలీనా ఇంట పెరిగి, దయ్యాలనూ శకునాలనూ ఆమె ముఖకవళికలు మారకుండా, పొరుగింటి సంగతులంత మామూలుగా చెబుతుంటే వింటూ ఎదిగారు. వింతను నిత్యజీవితంలో భాగంగా చూపే మాంత్రిక వాస్తవికతకు పేరుపడ్డ తన ‘వందేళ్ల ఏకాంతం’ నవలకు (1967) ఆ గొంతే దారి చూపిందని ఆయనే చెప్పుకున్నారు. వెన్నెల్లో గోరుముద్దలు తినిపిస్తూ పొడుపుకథలు వేసే తెలుగు అమ్మమ్మలూ నాయనమ్మలూ పసివారికి అందించేది అటువంటి మాటబలమే కనుక, పిల్లలు వారి పక్కన కూర్చునే ఆ కాసేపటిని ఏ ఇల్లూ పోగొట్టుకోకూడదు.