ఏ పుస్తకం ఎవరికి?

"మీకు నచ్చిన పుస్తకాలు ఒక పదింటిని మన సభ్యులకు సూచిస్తూ వ్రాయండి" అని సంపాదకులు అడిగారు. రోజూ మందుల చీటీలు వ్రాసే చెయ్యి గదా, యిదెంత పని అనుకుని కూర్చున్నాను. మూడు పేర్లు వ్రాశాక కలం ఆగిపోయింది.

కారణం చెబుతాను. కొన్నేళ్ళ క్రితం డిసెంబరు సెలవుల్లో, యిక్కడికి చదువుకోవడానికి వచ్చిన కుర్రవాడొకడు మా యింటికి భోజనానికి వచ్చాడు. వెళుతూ, "తెలుగులో చదవడానికేమైనా ఉంటే యిస్తారా డాక్టరుగారూ?" అన్నాడు. గోపీచంద్ "అసమర్థుని జీవయాత్ర" తీసి యిచ్చాను. నాకు ప్రాణమైన నవల. మెడికల్ కాలేజీలో ఒక్క రాత్రిలో చదివి, మర్నాడు వార్డులో కూడా సీతారామారావు గురించే ఆలోచించిన వాణ్ణి.

నెల తర్వాత పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టి, "నన్ను చూస్తే మీకు అలా అనిపించిందా?" అన్నాడు. ముందు నాకర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు, రెండు సబ్జెక్టులు తప్పాడని, యింటికి ఫోను చెయ్యడం మానేశాడని. ఎవరితోనూ పొసగక, చివరికి శ్మశానంలో ప్రాణం వదిలే మనిషి కథను అటువంటి పిల్లవాడి చేతిలో పెట్టి సాగనంపాను!

జ్వరమని వచ్చిన వాణ్ణయినా నాడి చూడకుండా పంపను. అతన్ని మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ క్షణంలో నేను ఆలోచించింది అతన్ని గురించి కాదు, యిరవై ఏళ్ళ వయసులో నన్ను గురించి. పుస్తకాలు సిఫార్సు చేసేవాళ్ళం చాలామందిమి చేసే పని యిదే కాబోలు.

మా వృత్తిలో మహానుభావుడు విలియం ఆస్లర్, వైద్య విద్యార్థులు నిద్రకు ముందు అరగంట చదవవలసిన పది పుస్తకాల జాబితా ఒకటి యిచ్చాడు. బైబిలు, షేక్స్‌పియరు, మాంటేన్, ప్లూటార్కు, డాన్ కిహోటే వగైరా. గొప్ప జాబితాయే, కాని అందరికీ ఒకే మోతాదు. మన వైపు పుస్తకం ఒక్కటి లేదు, ఆడవాళ్ళు వ్రాసినది అసలే లేదు.

యీ విషయంలో చలంగారు నయం. 1940లో శ్రీశ్రీ కవితలకు "యోగ్యతాపత్రం" అనే పేరుతో ముందుమాట వ్రాసి, యోగ్యత తూచే పెద్దరికాన్నే వదులుకున్నారు. చదివితే తనకేమయిందో చెప్పారు, అంతే. ("మహాప్రస్థానం" 1950లో గాని అచ్చు కాలేదు.)

అలాగని జాగ్రత్త ముదిరితే ఉప్పులేని పథ్యమే మిగులుతుంది. ఆనాడు "బారిస్టరు పార్వతీశం" యిచ్చి ఉంటే ఆ కుర్రవాడు హాయిగా నవ్వుకునేవాడు. మొగల్తూరు నుంచి సీమకు వెళ్ళినవాడి అవస్థలు మనకు కొత్తవా? కాని నన్ను ఆ ప్రశ్న అడిగేవాడు కాదు. అడిగాడు గనకే రాత్రి రెండింటిదాకా కూర్చుని మాట్లాడుకున్నాం. అయినా గుడ్డిగా వేసిన మందు ఒకసారి పనిచేస్తే వైద్యుడి తప్పు ఒప్పయిపోదు.

అంచేత పది పేర్లు యివ్వను. నాకేమయిందో మాత్రం చెబుతాను. నండూరి రామమోహనరావు "విశ్వరూపం", "నరావతారం" చదివాక, నక్షత్రాల సంగతీ మనిషి పుట్టుక సంగతీ యింగ్లీషులోనే చెప్పగలమనే నా గర్వం దిగింది. కుటుంబరావు "చదువు" చదివాక మా అబ్బాయి రిపోర్టు కార్డు చూసే తీరు మారింది. (మా ఆవిడ ఒప్పుకోదు.)

యీ దేశంలో తెలుగు పుస్తకాలు దొరకవనకండి. మనం తిన్న అమెరికా గోధుమలకు కట్టిన రూపాయలతోనే, పి.ఎల్. 480 కింద, 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మన పుస్తకాలు కొని షికాగో, విస్కాన్సిన్ వంటి విశ్వవిద్యాలయాలకు పంపింది. ఆ పథకం ఎప్పుడో పోయింది. మీ ఊరి లైబ్రరీలో అడిగి చూడండి, అక్కణ్ణుంచి తెప్పించగలరేమో.

గోపీచంద్ మాత్రం నన్నడక్కండి. ఆ కుర్రవాడే మళ్ళీ అడిగి పట్టుకెళ్ళాడు, యింకా తిరిగి యివ్వలేదు.