గానమూ దానమూ: ఇచ్చేదెవరు?

సంగీత కచేరీ పెట్టి ధర్మకార్యానికి ధనం కూర్చడం మన దేశంలో నిన్న మొన్న పుట్టిన ఆచారం కాదు. తుఫాను వచ్చినా, కరువు వచ్చినా, బడికి మరో గది కట్టాలన్నా, ఆసుపత్రికి నాలుగు మంచాలు కావాలన్నా, ఊళ్లో పదిమంది కూడి ఆలోచించినప్పుడు ముందుగా స్ఫురించేది ఒక పాట కచేరీయే. శ్రోతకు ఆనందం, ఆపన్నునికి ఆదరువు, నిర్వాహకునికి తృప్తి. ఒక్క సాయంత్రంలో ముగ్గురికీ మేలు జరిగే పని లోకంలో ఇంకేముంటుంది? అందరూ మెచ్చే పని కనుకనే దానిని గురించి ఒక ప్రశ్న అడగడానికి నోరు రాదు. అయినా అడగక తప్పదు. ఆ సాయంత్రం నిజంగా ఇచ్చినది ఎవరు? టిక్కెట్టు కొన్నవారా, పారితోషికం వద్దన్న గాయకుడా, కుర్చీలు మోసిన కార్యకర్తా, లేక ఎవరి పేరూ ఎక్కని మరొకరా?

ఈ ప్రశ్న నాకు గ్రంథాలలో ఎదురైనది కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు నేను కోస్తాలో ఒక పట్టణంలో కళాశాల విద్యార్థిని. వేల ప్రాణాలు పోయిన ఆ దుర్ఘటన తరువాత తెలుగునాట ఇవ్వనివారు లేరు. సినీ నటులు జోలె పట్టి వీధుల్లో తిరిగారు. గృహిణులు బియ్యమూ బట్టలూ మూటలు కట్టి పంపారు. మా ఊరి సంగీత సభవారు సహాయనిధి కోసం ఒక కచేరీ తలపెట్టారు. నేను అందులో కార్యకర్తను. టిక్కెట్ల పుస్తకం చంకన పెట్టుకొని దుకాణాల వెంట తిరిగాను. బడి నుంచి బల్లలు మోయించాను. కచేరీ నాడు గేటు దగ్గర నిలబడ్డాను. లోపల పాట సాగుతుంటే బయట నిలబడి వినడంలో ఒక గర్వం ఉండేది.

గాయకుడు పేరున్నవాడు, పారితోషికం పుచ్చుకోనని ముందే ప్రకటించాడు. వాయులీన విద్వాంసుడు ఉద్యోగస్థుడు. మృదంగ విద్వాంసుడు మాత్రం మా వీధి చివర చిన్న పెంకుటింట్లో కాపురముంటూ, నలుగురు పిల్లలకు పాఠం చెప్పుకుంటూ, కచేరీలకు వచ్చే సంభావనతో సంసారం ఈదుకొచ్చే మనిషి. ఆయనను ఒప్పించే పని నాకు అప్పగించారు. “మాస్టారూ, ఇది దివిసీమ కోసం” అన్నాను. ఆయన కొంచెంసేపు మౌనంగా ఉండి, “అలాగే నాయనా, దానికి కాదని ఎవరంటారు?” అన్నారు. ఆ మాటను సంతోషంగా మోసుకొని వచ్చాను. అది సమ్మతి అనుకున్నానే గాని, అందులో ఒక ప్రశ్న కూడా ఉందని గ్రహించలేదు.

కచేరీ దిగ్విజయంగా ముగిసింది. లెక్క చూసినప్పుడు మైకు సెట్టువాడికి డబ్బు ఇచ్చారు, షామియానావాడికి ఇచ్చారు, కరపత్రాలు వేసిన ముద్రాపకుడికీ ఇచ్చారు. అది వారి వృత్తి గదా అన్నారు. మృదంగ విద్వాంసుడు మాత్రం వాద్యాన్ని భుజాన వేసుకొని నడిచి వెళ్లారు. రిక్షాకు డబ్బులు ఇవ్వాలని కూడా మాలో ఎవరికీ తోచలేదు. అదే రాత్రి పొరుగూళ్లో పెళ్లి కచేరీకి ఒప్పుకొని, మా కోసం ఆ బయానాను వెనక్కి ఇచ్చివేశారని చాలా రోజుల తరువాత తెలిసింది. మరునాడు వేదికపై సన్మానం జరిగినవారిలో ఆయన పేరు లేదు. మిగిలిన సొమ్మును సహాయనిధికి పంపామన్నారు. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్న లెక్కను సభలో చదవలేదు. అడిగితే అవమానమన్నట్లు ఎవరూ అడగలేదు.

ఆ సభవారు చెడ్డవారు కారు. తమ పనులు మానుకొని శ్రమపడ్డారు. దోషం వ్యక్తులది కాదు, ఒక భావనది. షామియానా కట్టడం శ్రమ, మృదంగం వాయించడం శ్రమ కాదు అన్న భావన అది. కళ దైవదత్తమని మనం గౌరవంతోనే అంటాము. కాని అది దైవదత్తమైతే దానికి వెల ఎందుకని, ఆ గౌరవం నుంచే ఒక అగౌరవాన్ని పుట్టిస్తాము. పదేళ్లు గురువు దగ్గర వేళ్లు కాయలు కాసేలా సాధన చేసిన విద్య, అద్దెకు తెచ్చిన మైకు కంటె చౌక అయిపోతుంది.

భగవద్గీత పదిహేడవ అధ్యాయం దానాన్ని మూడు విధాలుగా విభజించింది. ఇవ్వవలసినదే అన్న ఎరుకతో, తగిన చోట, తగిన కాలంలో, తగినవారికి, ప్రతిఫలం కోరక ఇచ్చేది సాత్త్వికం. ప్రత్యుపకారం ఆశించో, ఫలం ఉద్దేశించో, మనస్సు కష్టపెట్టుకునో ఇచ్చేది రాజసం. తిరస్కారంతో, అపాత్రునికి పడవేసేది తామసం. మనం సాధారణంగా ఈ విభజనను ఇచ్చేవాని మనస్సుకే వర్తింపజేస్తాము. కాని కష్టపడుతూ ఇచ్చిన దానం రాజసమైతే, ఆ కష్టాన్ని కలిగించినది ఎవరు? కాదనలేని స్థితిలో ఒకరిని నిలబెట్టి అడిగినవాడు కూడా ఆ దానపు గుణాన్ని మార్చివేస్తున్నాడు. సాత్త్వికంగా ఇవ్వగల మనిషి చేత నేను రాజసదానం చేయించాను. స్వచ్ఛంద సేవ అన్న మాటలో స్వచ్ఛందమన్న భాగం ముందుంది. సేవ అడిగే తొందరలో మనం మొదట పోగొట్టేది దానినే.

అలాగని కళాకారుడు ఎన్నడూ ఉచితంగా పాడరాదని చెప్పడం నా ఉద్దేశం కాదు. మన కాలంలో సంగీతాన్ని దానంగా మార్చిన మహనీయురాలు ఎం.ఎస్. సుబ్బులక్ష్మి. 1944లో కస్తూర్బా స్మారక నిధి కోసం ఆమె కచేరీలు చేశారు. ఆ తరువాత దశాబ్దాల పాటు విద్యాలయాలకు, వైద్యాలయాలకు, ఆలయాలకు ఆమె గానం నిధులను సమకూర్చింది. 1974లో ఆమెకు మెగసెసె పురస్కారం లభించినది ప్రజాసేవ విభాగంలో అన్నది గమనార్హం. 1998లో భారతరత్న అందుకొన్న తొలి సంగీత విదుషీమణి కూడా ఆమెయే.

అయితే ఆమె జీవితంలోని మరొక ఘట్టం మన ప్రశ్నకు మరింత చేరువగా ఉంది. 1970వ దశకం చివర ఆ దంపతులు ఆర్థికంగా ఇబ్బంది పడి, తమ విశాల గృహాన్ని విడిచి చిన్న ఇంటికి మారవలసి వచ్చింది. అంత ఇచ్చిన చేతికి ఇచ్చేదెలా? ఊరికే ధనమిస్తే స్వీకరించే మనుషులు కారు. అప్పుడు తిరుమల తిరుపతి దేవస్థానం కార్యనిర్వహణాధికారిగా ఉన్న పి.వి.ఆర్.కె. ప్రసాద్ ఆమె చేత అన్నమాచార్య కీర్తనలు మొదలైనవి పాడించి, ధ్వనిముద్రికలు వెలువరించే ఏర్పాటు చేశారు. బాలాజీ పంచరత్నమాల అలా వచ్చింది. అధికారిగా ఆయన చేసినది కేవలం సహాయం కాదు. సహాయానికి గౌరవప్రదమైన రూపాన్ని వెదకడం. ఆమెకు కావలసినది అందింది, తెలుగువారికి అన్నమయ్య పదం ఆ కంఠంలో దక్కింది. విద్యకు వెల కట్టడం విద్యను తక్కువ చేయడం కాదని, కొన్ని వేళల అదే విద్యకు చేయగల అత్యుత్తమ సన్మానమని ఆ ఉదంతం చెబుతుంది.

ఇక లెక్కల విషయం. 1970 నవంబరు తుఫానుతోనూ, 1971 యుద్ధంతోనూ నలిగిన తూర్పు బెంగాల్ శరణార్థుల దుస్థితి చూసి పండిట్ రవిశంకర్ తన మిత్రుడు జార్జి హారిసన్‌ను కదిలించారు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రెండు ప్రదర్శనలు జరిగాయి. సరోద్‌పై అలీ అక్బర్ ఖాన్, తబలాపై అల్లారఖా సహకరించగా రవిశంకర్ మొదట వాయించారు. ఇలాంటి భారీ సహాయ కచేరీలకు లోకంలో అదే ఒరవడి అయింది. టిక్కెట్ల మీద వచ్చిన 2,43,418 డాలర్లు కొద్ది రోజులకే యునిసెఫ్‌కు చేరాయి. కాని రికార్డు, చలనచిత్రాల మీద వచ్చిన అంతకంటె ఎన్నో రెట్లు పెద్ద మొత్తం, పన్ను మినహాయింపునకు ముందుగా తగిన ఏర్పాటు చేసుకోనందువల్ల ఏళ్ల తరబడి చిక్కులలో పడింది. ఆ కచేరీలో హృదయానికి లోటు లేదు, ప్రతిభకు లోటు లేదు. లోటుపడినది ఒక దరఖాస్తు. ఆకలిగొన్న బిడ్డకు అన్నం అందడంలో మహాకళాకారుని రాగాలాపనకు ఎంత స్థానముందో, మూలన కూర్చుని కాగితాలు సరిచూసే గుమాస్తాకు అంత స్థానముంది. సేవాభావం లెక్కకు అతీతమని అనుకోవడం భక్తి కాదు, అలసత్వం. లెక్క చదవమని అడగడం దాతను అవమానించడం కాదు. ఎవరి కోసం ఇచ్చామో వారిని గుర్తుంచుకోవడం.

ఇంకొక సందేహం రసజ్ఞుల నుంచి వస్తుంది. ఆర్తుల పేరు చెప్పి ఆనందించడం సమంజసమా? అక్కడ శవాలు నీళ్లలో తేలుతుండగా ఇక్కడ మెత్తని కుర్చీలో కూర్చుని కల్యాణి రాగం వినడమేమిటి? ఈ ఆక్షేపణలో బలముంది. రాగంలో లీనమైన క్షణాన దివిసీమ నాకు గుర్తులేదని ఒప్పుకొంటాను. కాని ఆనందం లేని దానమే పవిత్రమన్న వాదం కూడా ఒక రకమైన అహంకారమే. వాగ్గేయకారుడు త్యాగరాజు ఉంఛవృత్తి సాగించారని సంప్రదాయం చెబుతుంది. వీధిలో పాడుతూ వెళితే గృహస్థులు గుప్పెడు బియ్యం వేసేవారు. ఆ గుప్పెడు భిక్షమా, పాటకు వెలా, భక్తుని ఆనందమా? మూడూ కలిసే ఉన్నాయి. విడదీయబోతే మూడూ పోతాయి. విని ఆనందించడం తప్పు కాదు. ఆనందించినందుకే త్యాగం చేశామని అనుకోవడం తప్పు. టిక్కెట్టు కొన్న శ్రోత తన డబ్బుకు తగిన పాట విన్నాడు. అతడు మంచి పని చేశాడు గాని త్యాగం చేయలేదు. ఈ తేడా తెలిసిన శ్రోత, ఇంటికి వెళ్లే ముందు మరికొంత హుండీలో వేస్తాడు.

త్యాగరాజు పేరు తలచినప్పుడు బెంగుళూరు నాగరత్నమ్మను తలచుకోకుండా ఉండలేము. దేవదాసి కుటుంబంలో పుట్టి, పాడి సంపాదించిన తన ధనాన్ని వెచ్చించి తిరువయ్యారులో శిథిలమవుతున్న ఆ మహానుభావుని సమాధిపై ఆమె మందిరం నిర్మింపజేశారు. 1925లో ప్రతిష్ఠ జరిగింది. కాని ఆరాధనలో స్త్రీలు పాడరాదన్నారు. ఆమె సొమ్ము మందిరానికి పనికివచ్చింది. ఆమె పాట పనికిరాలేదు. ఆమె వెనుదిరగలేదు. స్త్రీల చేత వేరుగా ఆరాధన జరిపించి, పట్టుదలతో కొన్నేళ్లకు అందరూ కలిసి పాడే రోజును చూశారు. 1952లో ఆమె కన్నుమూస్తే ఆ సమాధికి సమీపంలోనే ఆమెకూ స్మారకం వెలసింది. ఇవ్వడం బాధ్యత మాత్రమే కాదు, హక్కు కూడా అని ఆమె కథ చెబుతున్నది. ఒకరి చేత బలవంతంగా ఇప్పించడం ఎంత అన్యాయమో, ఇవ్వవచ్చినవారిని పంక్తిలోంచి లేపడం అంత అన్యాయం. నేటికీ తిరువయ్యారు ఆరాధనలో పేరున్న విద్వాంసులూ, నిన్న మొన్న నేర్చుకున్నవారూ ఒకే నేల మీద కూర్చుని, ఎవరూ పారితోషికం పుచ్చుకోక, పంచరత్న కీర్తనలు పాడతారు. అక్కడ ఎవరినీ ఒంటరిగా నిలబెట్టి కాదనగలవా అని అడగరు. వచ్చినవారు తామై వస్తారు. స్వచ్ఛందమంటే అది.

కనుక సహాయ కచేరీ జరపబూనే కార్యకర్తకు మూడు ధర్మాలున్నాయని నాకు తోస్తుంది. వాయించేవారికీ పాడేవారికీ ముందుగా సంభావన చేతిలో పెట్టడం మొదటిది. దానిని నిధికి తిరిగి ఇవ్వడమో, ఇల్లు గడుపుకోవడమో వారి ఇష్టం. చేతికి వచ్చినదానిని ఇస్తేనే అది దానం. చేతికి రానీయకుండా ఉంచుకున్నది దానం కాదు, కోత. వచ్చినదీ పోయినదీ అదే వేదికపై, అదే మైకులో చదవడం రెండవది. ఎవరి కోసం కూడామో వారిని గేటు బయట నిలపకపోవడం మూడవది. ఆర్తులు మన ఔదార్యానికి సాక్షులు కారు. వీలైతే వారు కూడా శ్రోతలే.

ఇవి పాటిస్తే వసూలు తగ్గుతుందని అనుభవజ్ఞులు అంటారు. తగ్గవచ్చు. ఒక ఆర్తుని ఆదుకోవడానికి మరొక పేదవాని జేబు కత్తిరించి చూపే మొత్తం కంటె, తగ్గిన మొత్తమే నిజమైన మొత్తం.

ఆ మృదంగ విద్వాంసుడు గతించి చాలా కాలమైంది. ఉద్యోగంలో చేరిన తరువాత ఒకసారి ఆయన ఇంటికి వెళ్లి, ఆ నాటి సంగతి ఎత్తి, ఒక కవరు చేతిలో పెట్టబోయాను. ఆయన తీసుకోలేదు. “అది దివిసీమకు ఇచ్చేశాను కదా నాయనా, మళ్లీ ఎలా పుచ్చుకుంటాను?” అన్నారు. నేను కష్టంగా మార్చిన దానాన్ని ఆయన తన మనస్సులో ఎన్నడో సాత్త్వికంగా మార్చుకున్నారు. అది ఆయన గొప్పతనం. అంత గొప్పతనం అవసరమయ్యే చోట ఆయనను నిలబెట్టడం మాత్రం నా తప్పు. ఆ రెండింటినీ ఒకదానితో ఒకటి చెల్లు వేసుకోవడానికి నాకు ఇప్పటికీ మనసు ఒప్పదు.